గండికోట లోయ నా గేమ్‌లో బొమ్మల కొలువులా కనిపిస్తోంది, ఎందుకు?

జమ్మలమడుగు కుర్రాడు:
అందరికీ నమస్కారం. గండికోట నేపథ్యంగా చిన్న గేమ్ తయారు చేస్తున్నాను. పాత్ర కోట దాటి లోయ అంచుకు వచ్చి ఆగుతుంది. అక్కడ కింద పెన్నను చూడగానే ఆడేవాళ్ళ గుండె ఝల్లుమనాలి. అందుకని డెప్త్ ఆఫ్ ఫీల్డ్ పెట్టాను: పాత్ర స్పష్టంగా, వెనుక లోయంతా మసకగా. తీరా చూస్తే లోయ బొమ్మల కొలువులో పేర్చిన మట్టికొండలా ఉంది. పైగా పాత్ర ఎర్ర తలపాగా చుట్టూ ఎర్రటి మరక. పక్కనున్న వేపకొమ్మ పాత్రంత దగ్గరగా ఉన్నా, ఆకులు ఆకాశంతో పాటే మసకబారుతున్నాయి. కెమెరా నుంచి పాత్రకు 3 మీటర్లు; లెన్సు 50 మిల్లీమీటర్లు, ఎపర్చరు (లెన్సు రంధ్రం కొలత; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) 1.8. వారం నుంచి ఇదే పని. ఎక్కడ తప్పుతున్నాను?

కడప పెళ్ళి ఫోటోలు:
తమ్ముడూ, నేను పన్నెండేళ్ళు పెళ్ళి ఫోటోలు తీసి తరువాత గ్రాఫిక్స్ పనిలోకి వచ్చాను. నువ్వు పెట్టిన లెన్సు పెళ్ళికూతురికి సరిపోతుంది, లోయకు కాదు. కెమెరాలో బొమ్మ పడే పలక, అంటే సెన్సారు, 36 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుని లెక్క కట్టాను. నీ అమరికలో దూరపు చుక్క ఒక్కొక్కటి 1920 పిక్సెళ్ళ తెర మీద దాదాపు 25 పిక్సెళ్ళ బిళ్ళగా పరుచుకుంటుంది. అదే చోట 24 మిల్లీమీటర్ల లెన్సు, ఎపర్చరు 8 పెట్టు. బిళ్ళ ఒక పిక్సెల్‌కు కాస్త ఎక్కువ, అంతే.

చింతగింజను కంటి ముందు పట్టుకుని చూడు, వెనుక గది కరిగిపోతుంది. వెనకంతా అంతగా చెదిరేది మనం దగ్గరి వస్తువును చూసేటప్పుడే. గండికోట అంచున మిట్టమధ్యాహ్నం నిలబడితే కంటిపాప 2 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది, ఎదుటి గట్టు రాళ్ళ మధ్య చీలికలు కూడా తేటగా కనిపిస్తాయి. అందుకే అంత మసక చూడగానే మెదడు ఇదేదో బల్లమీది బొమ్మ అనుకుంటుంది. కొండ దూరాన్ని చెప్పేది గాలి. దూరం పెరిగే కొద్దీ రాతి ఎరుపును తగ్గించి, నీలం కలిసిన తెలుపు కలుపు. ఒకసారి పొద్దున్నే వెళ్ళి ఆ గట్టునూ, దాని వెనుక ఎర్రమల కొండలనూ పక్కపక్కన పోల్చి చూసి రా.

అనంతపురం షేడర్లు:
లోయ సంగతి అన్నగారు చెప్పారు. మిగిలిన రెండూ వేరే జబ్బులు. మసక చేసేటప్పుడు ప్రతి పిక్సెల్ చుట్టుపక్కల రంగులను కలుపుకుంటుంది. లోయ పిక్సెల్ పక్కనున్న తలపాగా ఎరుపును కూడా లాక్కుంటోంది. డెప్త్ బఫర్‌లో, అంటే ప్రతి పిక్సెల్‌లోని వస్తువు కెమెరాకు ఎంత దూరమో రాసి ఉంచే పట్టికలో, దూరాలు ఉన్నాయి కదా, పోల్చి చూడండి: పక్క పిక్సెల్ తనకంటే దగ్గరిదై, ఫోకస్‌లో ఉంటే దాని రంగు తీసుకోకూడదు. కెమెరాకూ పాత్రకూ మధ్యనున్న వస్తువులకు మాత్రం ఇది తలకిందులు. వాటి మసక తమ అంచు దాటి పాత్ర మీదికి పారాలి. అందుకే ముందు భాగాన్ని వేరే పొరగా మసక చేసి పైన పరుస్తారు.

వేపాకులను పారదర్శక వస్తువులుగా గీస్తున్నట్టున్నారు. అలాంటివి సాధారణంగా డెప్త్ బఫర్‌లో తమ దూరం రాయవు, అక్కడ ఆకాశం దూరమే మిగిలిపోతుంది. ఆకు ఉన్నచోట పూర్తిగా, లేనిచోట అసలు లేకుండా కత్తిరించే పద్ధతికి మార్చండి. ఫోన్లలో నడవాలంటే మసకను సగం వెడల్పు, సగం ఎత్తులో లెక్కించండి, పిక్సెళ్ళు నాలుగో వంతుకు దిగుతాయి. మసకను ఆపే మీట తప్పకుండా పెట్టండి. మా అక్కకు ఇలాంటి మసకతో ఐదు నిమిషాల్లో తల తిరుగుతుంది.

జమ్మలమడుగు కుర్రాడు:
అన్నా, అక్కా, చాలా కృతజ్ఞతలు. నిన్న ఆరు గంటలకే లోయ దగ్గరికి వెళ్ళాను. ఎదుటి గట్టు ఇటుక రంగులో, దాని వెనుక కొండ పాలు కలిపిన బూడిద రంగులో ఉన్నాయి. ఆ రెండు రంగులే గేమ్‌లో పెట్టాను, లెన్సు 24కు మార్చాను. లోయ మళ్ళీ లోయలా ఉంది. వేపాకులు నిలిచాయి. తలపాగా ఎడమ అంచున ఇంకా సన్నటి ఎర్రగీత మిగిలింది, ఈ రాత్రి దాని పని పడతాను. 50 లెన్సును ఒక్కచోట ఉంచుకున్నాను: ధాన్యాగారం చీకట్లో పాత్ర అరచేతిలో దొరికిన నాణేన్ని చూసుకునే చోట.