ఎస్26లో ఎక్సినోస్ వస్తే కొనాలా, ఆగాలా? (2026 ఆరంభంలో, ఎస్26 విడుదలకి ముందు జరిగిన చర్చ)

కృష్ణలంక
శాంసంగ్ కొత్త ఫోన్ గెలాక్సీ ఎస్26 ఫిబ్రవరి చివర్లో రావచ్చని వార్తలొస్తున్నాయి. పెద్ద మోడల్ అల్ట్రాకి క్వాల్‌కామ్ కంపెనీ చిప్ స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్ జెన్ 5, మామూలు ఎస్26కీ ప్లస్‌కీ మన దేశంలో శాంసంగ్ సొంత చిప్ ఎక్సినోస్ 2600 అని లీకులు. కంపెనీ ఇంకా నోరు విప్పలేదు. అదే ఎస్26 అమెరికాలో కొంటే స్నాప్‌డ్రాగన్‌తో వస్తుందట. పోయినేడాది ఎస్25 మూడు మోడళ్లకీ ప్రపంచమంతా స్నాప్‌డ్రాగన్ 8 ఎలైటే ఇచ్చారు కదా, ఇక ఈ గొడవ తీరిందనుకున్నాం. కథ మళ్లీ మొదటికొచ్చేలా ఉంది.

నాకు అల్ట్రా వద్దు. అంత పెద్ద ఫోన్ ఒంటిచేత్తో వాడలేను. ఉద్యోగరీత్యా రోజంతా బండి మీద తిరుగుతాను. ఫోన్ హ్యాండిల్‌కి బిగించి ఉంటుంది, మ్యాప్ నడుస్తూనే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే ముందు స్క్రీన్ వెలుతురు దానంతటదే తగ్గిపోతుంది. కాసేపటికి ఛార్జింగ్ ఆగిపోతుంది. ఒక్కోసారి కెమెరా కూడా తెరుచుకోదు. ఇప్పుడున్న ఫోన్‌తో నా బాధ ఇది. కొత్తది కొనేదే ఈ బాధ తప్పించుకోవడానికి.

ఎక్సినోస్ 2600 కొత్త తరం 2 నానోమీటర్ చిప్ అని నమ్మి ఎస్26 తీసుకోవచ్చా, లేక ధర తగ్గాక ఎస్25 తీసుకోవాలా? ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తున్నా. ఒకే పేరు, ఒకే స్థాయి ధర పెట్టి, దేశాన్ని బట్టి చిప్ మార్చడం నాకైతే అన్యాయంగానే కనిపిస్తోంది.

గేట్‌లెవెల్
హైదరాబాద్‌లో చిప్ డిజైన్‌లో పనిచేస్తాను. మీరు చెప్పిన రెండు కంపెనీల్లోనూ కాదు, అందుకే రెండింటి గురించీ మొహమాటం లేకుండా చెప్పగలను.

2 నానోమీటర్ అనేది తరానికి పెట్టుకున్న పేరే, అక్కడ ఆగొద్దు. చూడాల్సింది ట్రాన్సిస్టర్ నిర్మాణం, అంటే చిప్‌లో కరెంటుని ఆపి వదిలే బుల్లి స్విచ్ ఎలా కట్టారన్నది. ఫిన్‌ఫెట్ అనే పాత నిర్మాణంలో కరెంటు పారే దారిని గేటు మూడు వైపుల నుంచి పట్టుకుంటుంది. గేట్-ఆల్-అరౌండ్ అనే కొత్త నిర్మాణంలో నాలుగు వైపుల నుంచీ పట్టుకుంటుంది. పట్టు ఎంత బిగిస్తే లీకేజీ, అంటే స్విచ్ ఆపినా కారిపోయే కరెంటు, అంత తగ్గుతుంది. చిప్ వేడెక్కితే లీకేజీ పెరుగుతుంది, ఆ లీకేజీ మళ్లీ వేడిని పెంచుతుంది. మీరు సిగ్నల్ దగ్గర పడే అవస్థలో ఈ చక్రానిదీ వాటా ఉంది. శాంసంగ్ ఈ కొత్త నిర్మాణంతో 2022 జూన్‌లోనే 3 నానోమీటర్ ఉత్పత్తి మొదలుపెట్టింది. చిప్‌లు తయారుచేసే తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ 3 నానోమీటర్ దాకా ఫిన్‌ఫెట్‌తోనే నడిచింది, 8 ఎలైట్ జెన్ 5 తయారైంది అందులోనే. కాబట్టి కాగితం మీద ఈసారి శాంసంగ్‌దే ముందడుగు.

ఇంతకంటే నన్ను ఆకట్టుకున్నది హీట్ పాత్ బ్లాక్. జాగా కలిసొస్తుందని ఫోన్లలో ర్యామ్‌ని ప్రాసెసర్ నెత్తిన పేరుస్తారు. దాంతో ప్రాసెసర్ వేడి పైకి రావాలంటే ర్యామ్‌లోంచే రావాలి. ఎక్సినోస్ 2600లో ర్యామ్ జాగా కుదించి, ప్రాసెసర్ మీదే వేడిని లాగేసే రాగి దిమ్మ పెట్టారు. ఉష్ణ నిరోధం, అంటే వేడి బయటికి పోవడానికి ఉండే అడ్డు, 16 శాతం దాకా తగ్గుతుందని డిసెంబర్‌లో చిప్‌ని ప్రకటించినప్పుడు కంపెనీయే చెప్పింది. ఎన్నాళ్ల నుంచో ఉన్న సమస్యని నేరుగా పట్టుకున్నారు, ఆ ఇంజినీర్లని మెచ్చుకోవాల్సిందే.

అయితే మీ విషయంలో ఒక చిక్కుంది. ఈ దిమ్మ వేడిని చిప్ నుంచి ఫోన్ వీపు దాకా త్వరగా చేరుస్తుంది, అంతే. వీపు నుంచి గాలిలోకి పోవాలంటే బయట చల్లగా ఉండాలి. 43 డిగ్రీల గాలిలో, పైగా ఎండ నేరుగా స్క్రీన్ మీద పడుతుంటే, వేడి పోయేదెక్కడికి? ఏసీ గదిలో ఆటలాడేవాళ్లకి దీని లాభం ఎక్కువ తెలుస్తుంది, బండి మీద మీకు తక్కువ.

ఎల్బీనగర్ వాసి
నిర్మాణం ఎంత గొప్పదైనా, చరిత్ర చూస్తే నాకు నమ్మకం కలగట్లేదు. 2020లో ఎస్20ని మనకి ఎక్సినోస్ 990తో అమ్మారు. సొంత దేశం కొరియాలో మాత్రం స్నాప్‌డ్రాగన్ 865 ఇచ్చుకున్నారు. ఈ ఎక్సినోస్ మాకొద్దని వేలమంది ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకాలు చేశారు.

ఆ తర్వాత జరిగింది చూడండి. ఎస్20 ఎఫ్ఈ (అదే వరుసలో కాస్త తక్కువ ధర మోడల్) మన దగ్గర ముందు ఎక్సినోస్‌తో, కొన్ని నెలలకి 5జీ మోడల్ స్నాప్‌డ్రాగన్‌తో వచ్చింది. ఎస్21 ఎఫ్ఈ 2022లో ఎక్సినోస్ 2100, 2023లో అదే ఫోన్ స్నాప్‌డ్రాగన్ 888. ఎస్24 జనవరి 2024లో ఎక్సినోస్ 2400, నిరుడు పండగ సేల్‌లో స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3. ముందు ఎగబడి పూర్తి ధర పెట్టినవాళ్లకి ఒకటి, ఆగినవాళ్లకి తక్కువ ధరలో ఇంకొకటి. రెండూ సమానమే అయితే రెండోసారి డబ్బా మీద స్నాప్‌డ్రాగన్ పేరు అంత పెద్దగా వేసుకోవడం దేనికి?

గూగుల్ కూడా తన పిక్సెల్ ఫోన్ల చిప్‌ని టెన్సర్ జీ4 దాకా శాంసంగ్ ఫౌండ్రీలో (చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో) చేయించి, పిక్సెల్ 10కి టీఎస్ఎంసీకి మారింది. ఏళ్ల తరబడి లోపలి నుంచి చూసినవాళ్లే వెళ్లిపోయారంటే నాకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పాత నోకియా అభిమాని
అన్నా, చరిత్రలో సగమే చెప్పావు. మిగతా సగం నేను చెప్తాను. 2015లో స్నాప్‌డ్రాగన్ 810 నిప్పుల కుంపటిలా కాలుతుంటే, ఎస్6కి శాంసంగ్ ఎక్సినోస్ 7420 పెట్టి గట్టెక్కింది. ఆ ఏడాది ఆండ్రాయిడ్‌లో అంతకు మించిన చిప్ లేదు. 888, 8 జెన్ 1 రెండూ స్నాప్‌డ్రాగన్లే, రెండూ వేడెక్కినవే.

ఎల్బీనగర్ వాసి
ఆ రెండూ ఎక్కడ తయారయ్యాయో కూడా చెప్పు తమ్ముడూ. శాంసంగ్ ఫౌండ్రీలోనే. అదే డిజైన్‌ని క్వాల్‌కామ్ టీఎస్ఎంసీకి తీసుకెళ్లి 8 ప్లస్ జెన్ 1 అని తెస్తే సమస్య చాలావరకు పోయింది. నా అనుమానం ఎక్సినోస్ అనే పేరు మీద కాదు, ఆ ఫ్యాక్టరీ మీద.

పాత నోకియా అభిమాని
సరే, ఆ మాటలో న్యాయముంది, ఒప్పుకుంటాను. కానీ ఆ ఫ్యాక్టరీకి ఇప్పుడు పరువు సమస్య. 2025 జూలైలో టెస్లా 16.5 బిలియన్ డాలర్ల చిప్ ఒప్పందం వాళ్లకే ఇచ్చింది. ఇలాంటి సమయంలో తమ మొదటి 2 నానోమీటర్ చిప్ సొంత ఫ్లాగ్‌షిప్‌లోనే తుస్సుమంటే కొత్త కస్టమర్లు వస్తారా? గతేడాది ఎక్సినోస్ 2500ని ఎస్25లో పెట్టకుండా వెనక్కి లాగి, జూలైలో మడత ఫోన్ ఫ్లిప్7కి ఇచ్చారు. చిప్ సిద్ధంగా లేకపోతే ఆపే ధైర్యం వాళ్లకి ఉందనే దాన్ని నేను చూస్తున్నా.

ఇంకోటి. అన్ని ఫోన్లలోనూ ఒకే కంపెనీ చిప్ ఉంటే రేటు చెప్పేది కూడా ఆ కంపెనీయే. అసలే మెమరీ చిప్‌ల ధరలు పైపైకి పోతున్నాయి. ఎస్25 మనకి 80,999తో మొదలైంది. ఎక్సినోస్ వల్ల ఎస్26 ఆ దరిదాపుల్లో ఆగితే నాకు అంతే చాలు. పోటీ బతకాలి. ఇది నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నా.

కొండాపూర్ గేమర్
వేగం గురించి ఎవరూ కంగారు పడక్కర్లేదు. ఎక్సినోస్ 2600 సీపీయూ వేగం పాత ఎక్సినోస్ కంటే 39 శాతం దాకా ఎక్కువని కంపెనీ చెప్తోంది. సీపీయూలో లెక్కలు చేసే భాగాల్లో చిన్న కోర్లు లేనే లేవు, పదికి పదీ పెద్దవీ మధ్యరకానివీ. అసలు ప్రశ్న అరగంట ఆడాక ఎంత మిగులుతుందని. 2022లో ఎస్22 సాఫ్ట్‌వేర్ ఆటలకి వేగం తగ్గించి, వేగం కొలిచే బెంచ్‌మార్క్ యాప్‌లకి మాత్రం తగ్గించట్లేదని బయటపడింది. అలాంటి యాప్ అయిన గీక్‌బెంచ్ ఆ ఒక్కదాన్నే కాదు, ఎస్10 నుంచి నాలుగు తరాల ఫోన్లని జాబితా నుంచి తీసేసింది. అప్పటినుంచి మొదటిరోజు స్కోర్లు చూసి నేను ఫోన్ కొనను.

పాడేరు టీచర్
మీరంతా ప్రాసెసర్ అంటున్నారు, టవర్‌తో మాట్లాడే మోడెమ్ ఊసే ఎవరూ ఎత్తట్లేదు. మా ఏజెన్సీలో టవర్ దూరం. సిగ్నల్ ఒక గీత ఉంటే ఫోన్ జేబులో ఖాళీగా ఉన్నా వెచ్చబడుతుంది, సాయంత్రానికి ఛార్జింగ్ అడుగంటుతుంది. పిల్లల హాజరు ఫోన్‌లోనే వేయాలి. ఆ యాప్ తిరుగుతూ ఉంటే తరగతి గది వదిలి గేటు దాకా వచ్చి నిలబడాలి. నాకు గేమ్ స్కోర్లతో పని లేదు. ఎక్సినోస్‌తో శాంసంగ్ సొంత మోడెమ్ వస్తుంది కదా, అది బలహీనమైన సిగ్నల్‌ని పట్టుకుంటుందా లేదా?

గేట్‌లెవెల్
టీచర్ గారూ, ఈ చర్చలో అన్నిటికంటే మంచి ప్రశ్న మీదే. టవర్ దూరమైతే ఫోన్ గట్టిగా అరవాలి, అంటే ట్రాన్స్‌మిట్ పవర్ పెంచాలి. సిగ్నల్ బలం పెంచే పవర్ యాంప్లిఫైయర్ తినే కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. అందులోనూ ఫోన్ 5జీకీ 4జీకీ మధ్య ఊగిసలాడుతుంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఈ విషయంలో క్వాల్‌కామ్ మోడెమ్‌లకి ఉన్న మంచి పేరు కష్టపడి సంపాదించుకున్నదే. శాంసంగ్ కొత్త మోడెమ్ దాన్ని అందుకుందో లేదో ల్యాబ్‌లో తేలదు, మీలాంటి చోట వాడినప్పుడే తేలుతుంది. రివ్యూలు చేసేవాళ్లు బెంగళూరు, ఢిల్లీ వైఫైలో కూర్చుని చేస్తే మనకి ఉపయోగం లేదు.

డాలస్ తెలుగు
ఇక్కడ కొని పంపమని ఇంటి నుంచి అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి. ఒక్క మాట చెప్తా. స్నాప్‌డ్రాగన్ కోసం ఇక్కడ కొంటే అక్కడ వారంటీ ఉండదు. స్క్రీన్‌కో మదర్‌బోర్డుకో ఏమైనా అయితే మొత్తం మీ జేబులోంచే. అంత డబ్బు పెట్టే వస్తువుకి ఆ రిస్క్ వద్దని మా నాన్నగారికి కూడా చెప్పేశాను.

కృష్ణలంక
గేట్‌లెవెల్ గారూ, టీచర్ గారూ, చాలా థాంక్స్. రేటు తగ్గించడానికే ఎక్సినోస్ అన్న నోకియా అభిమాని గారికి ఒక్క ప్రశ్న. ఎస్24లో ఎక్సినోస్ పెట్టినందుకు మనకేమైనా తగ్గించారా? మిగిలింది వాళ్ల దగ్గరే ఉండిపోయింది. చిప్ మారిస్తే మార్చుకోనీ, డబ్బా ముందు వైపు, సైట్‌లో ధర పక్కనే, పెద్ద అక్షరాలతో ఆ పేరు వేయాలి. స్పెసిఫికేషన్ల పేజీలో అడుగున వెతుక్కోవాల్సిన గతి కొనేవాడికి పట్టకూడదు. కంపెనీ తన ఫోన్లకి 0 నుంచి 35 డిగ్రీల దాకా అని రాసుకుంటుంది. వేసవిలో 35 మాకు పొద్దున పది గంటలకే దాటుతుంది. ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామంటున్నారు, అంటే ఏడు వేసవులు. రామగుండంలో, రెంటచింతలలో ఈ ఫోన్ ఏడు వేసవులు నెట్టుకురావాలి. ఫిబ్రవరిలో అమ్మేసి మే నెల సంగతి తర్వాత చూద్దామంటే కుదరదు.

ఎల్బీనగర్ వాసి
మరి ఎస్25 తీసుకోండి, తేలిపోతుంది. స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్, సైజు కూడా మీకు సరిపోతుంది. బ్యాటరీ 4000 ఎంఏహెచ్ మాత్రమే, అది నాకూ నచ్చదు. 2025 నవంబర్‌లో 72,999కి వచ్చిన వన్‌ప్లస్ 15లో 7300 ఎంఏహెచ్ ఇస్తున్నారు, చిప్ కూడా ఇప్పుడొస్తున్న 8 ఎలైట్ జెన్ 5. కాకపోతే అది పెద్ద ఫోన్, ఒంటిచేత్తో కష్టం.

గేట్‌లెవెల్
కృష్ణలంక గారూ, మీరు ఏ చిప్ కొన్నా ఒక పని చేయండి. హోల్డర్‌కి పైన ఎండ పడకుండా చిన్న రేకు కట్టించండి, ఫోన్ వెనక గాలి ఆడే హోల్డర్ తీసుకోండి. నడుస్తున్నప్పుడు ఛార్జింగ్ పెట్టకండి, బ్యాటరీ వేడి చిప్ వేడికి తోడవుతుంది. ఎక్సినోస్‌కీ స్నాప్‌డ్రాగన్‌కీ మధ్య ఉండే తేడా కంటే దీంతో వచ్చే తేడా మీకు ఎక్కువ.

కృష్ణలంక
రేకు సంగతి రేపే చూస్తా. ఫోన్ మాత్రం జూన్ దాకా కొనను. ప్రీ-ఆర్డర్‌కి స్టోరేజీ రెట్టింపు ఇచ్చినా సరే. ఈ వేసవిలో ఎండలో వాడినవాళ్లు ఇక్కడ రాయండి, స్క్రీన్ వెలుతురు ఏ టైమ్‌కి తగ్గిందో, బయట ఎన్ని డిగ్రీలుందో కూడా వేయండి.

పాత నోకియా అభిమాని
నేను ప్రీ-ఆర్డర్ చేస్తున్నా. మాది కొత్తగూడెం, ఎండకి లోటు లేదు. మ్యాప్, హాట్‌స్పాట్, వీడియో కాల్ మూడూ పెట్టి చూసి చెప్తాను. పాడేరు టీచర్ గారూ, మా చుట్టాలు భద్రాచలం అవతల ఉంటారు, అక్కడ ఒక గీత సిగ్నల్‌లో పెట్టి మోడెమ్ సంగతి కూడా రాస్తాను.