అమ్మకు పక్షవాతం: ఏ నంబరుకు ఫోను చేయాలి?

హంద్రీ ఒడ్డు: మా అమ్మ పత్తికొండ దగ్గర పల్లెలో ఉంటుంది. మూడు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఎడమ చేత్తో అన్నం తినలేక కంచం ముందు కూర్చుని ఏడుస్తోందని పిన్ని చెబుతోంది. నేను బెంగళూరులో ఉన్నాను. ఇంటికి వచ్చి వ్యాయామం చేయించేవారు, పింఛను, సర్టిఫికెట్టు, వీటన్నింటికీ దారి చూపే నంబరు ఏదైనా మీరు వాడారా?

గుంతకల్లు రైలు: 104 బండి ఉంది కదా. మా ఊరికి నెలనెలా వస్తుంది, బీపీ చూసి మాత్రలు ఇస్తారు.

కడప కోడలు: 104 బండి కాదండీ, ఫోను నంబరు! 2021లో కరోనా రోజుల్లో మా మామగారికి పడక ఎక్కడుందో రాత్రి రెండు గంటలకు ఆ నంబరులోనే తెలుసుకున్నాం. ఆయన ఇవాళ మా ఇంట్లో తిరుగుతున్నారంటే ఆ ఫోను పుణ్యమే.

గుంతకల్లు రైలు: మా వీధిలో ఆగే బండి నాకు తెలియదా? దాని మీదే 104 అని రాసి ఉంటుంది.

కడప కోడలు: రాసి ఉంటే ఫోను లేనట్టా? తెలియకపోతే ఊరుకోండి, మంచం మీద ఉన్న మనిషి విషయం ఇది.

విశ్రాంత ఫార్మసిస్టు: సర్కారు ఆసుపత్రిలో 31 ఏళ్లు పనిచేశాను, నా మాట వినండి. బండీ ఉంది, ఫోనూ ఉంది. 108 ప్రాణం మీదకు వచ్చినప్పుడు. పక్షవాతం లక్షణాలు కనబడితే నాలుగున్నర గంటల్లోపు ఇంజెక్షను పడాలి, అప్పుడు 104 కాదు, 108. వయసు మళ్లిన వారి సమస్యలకు 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా.

పెన్నమ్మ బిడ్డ: నంబర్లు చదివితే పని కాదు సార్. మా నాన్న చక్రాల కుర్చీ కోసం ఒక నంబరుకు చేస్తే, ఎప్పుడో బదిలీ అయిపోయిన అధికారి ఫోను ఇచ్చారు. పది రోజులు తిరిగాను. చివరికి దారి చెప్పింది మా ఊరి ఆశా కార్యకర్త.

విశ్రాంత ఫార్మసిస్టు: మండలం, గ్రామం సరిగా చెప్పారా? సగం తప్పు అడిగేవారిదే.

పెన్నమ్మ బిడ్డ: మూడుసార్లు చెప్పాను! మీ ఉద్యోగం గురించి ఎవరూ అడగలేదు.

ఆదోని పత్తి: ముందు సదరం సర్టిఫికెట్టు, అంటే వైకల్యం ఎంతో డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం, తీసుకోండి, ఆ పరీక్షకు సచివాలయంలో స్లాటు దొరుకుతుంది. దివ్యాంగుల పింఛను నెలకు 6,000, పక్షవాతంతో పూర్తిగా మంచం పట్టినవారికి 15,000. మా అక్కకు రెండో స్లాటుకు వచ్చింది. అయినా కన్నకొడుకు బెంగళూరులో కూర్చుని ఫోను నంబర్లు అడగడం ఏమిటో.

హంద్రీ ఒడ్డు: రెండు ఎకరాల వేరుశనగ రెండేళ్లు ఎండిపోతే ఇక్కడికి వచ్చాను అన్నా. అమ్మ మందుల డబ్బు ఇక్కడి నుంచే వెళ్తోంది.

ఆదోని పత్తి: తప్పుగా అన్నాను తమ్ముడూ. స్లాటు రోజు నేను ఆదోనిలోనే ఉంటాను, అమ్మను తీసుకురమ్మని పిన్నికి చెప్పు.

కడప కోడలు: ఇంటికొచ్చి వ్యాయామం చేయించే సంగతి ఎవరూ చెప్పలేదు. మా మామగారికి ఫిజియోథెరపిస్టు ఒకసారి నేర్పితే, రోజూ మెత్తటి బంతి పిసికించింది మేమే. పిన్నిని కూడా ఆసుపత్రికి పంపండి, ఆవిడ నేర్చుకోవాలి.

గుంతకల్లు రైలు: 104కు ఇప్పుడే ఫోను చేశాను. మోగింది, ఎత్తారు.