జోమోన్ సుగి దగ్గరికి రోజుకి ఇంతమందే అని పరిమితి పెట్టాలా?

వానమబ్బు:
టోక్యోలో ఉంటున్నాం. మే సెలవుల్లో యాకుషిమా దీవికి వెళ్లాలని ఉంది. అక్కడి అడవిలో జోమోన్ సుగి అనే మహావృక్షం (సుగి అంటే జపాన్ దేవదారు) వయసు 2 వేల ఏళ్ల పైమాటని కొందరు, 7 వేలని కొందరు అంటారు. దాని దగ్గరికి రోజుకి ఇంతమందినే పంపాలని 2011లో ప్రతిపాదన వస్తే టౌన్ కౌన్సిల్ తోసిపుచ్చింది. ఒప్పుకోవాల్సిందా?

అడవిబాట:
కచ్చితంగా ఒప్పుకోవాల్సింది. 1993లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు. చెట్టును ముట్టుకోవాలని మొదలు చుట్టూ తొక్కేశారు. ఆ దీవిలో కొండంతా గ్రానైట్, పైన ఉన్నది పలచటి మట్టి. తొక్కిన చోట నాచు చచ్చిపోతుంది. ఆ కుండపోత వానలకు మట్టి కొట్టుకుపోయి వేర్లు బయటపడతాయి. అందుకే 1996లో చెక్క వేదిక కట్టి, దూరం నుంచే చూడమన్నారు.

వేదిక చెట్టును కాపాడుతుంది సరే, దారి సంగతేంటి? రానూపోనూ 22 కిలోమీటర్లు, దాదాపు 10 గంటల నడక. కొండమీది టాయిలెట్లలో పోగైన మలాన్ని మనుషులే వీపున మోసి కిందికి దించాలి. వచ్చేవాళ్లు పెరిగేకొద్దీ ఆ బరువూ పెరుగుతుంది. మన నల్లమలలో సలేశ్వరం జాతరకు ఏడాదిలో కొద్ది రోజులే వదులుతారు, మిగతా కాలం ఆ అడవి పులులది. అది న్యాయమే అనిపిస్తుంది నాకు.

నీలికెరటం:
నేను ఒప్పుకోను. ఎడో పాలనలో, అంటే షోగన్లు జపాన్‌ను ఏలిన పాత కాలంలో, ఆ దీవివాళ్లు సుగి చెట్లు కొట్టి, పైకప్పు పలకలుగా చీల్చి పన్ను కింద కట్టారు. ఇప్పుడు నరకడం ఆగింది. చాలా కుటుంబాలు గైడ్ పని మీద, బసల మీద బతుకుతున్నాయి. తుఫానుకి పడవ రద్దయి ఒక రోజు పోతే, పరిమితి ఉన్నప్పుడు మరో రోజు దొరుకుతుందా? మార్చి నుంచి నవంబరు దాకా చెట్టు దగ్గరికి నడక మొదలయ్యే అరకావాకి సొంత కార్లు పోనివ్వరు, బస్సెక్కాల్సిందే. 2017 నుంచి కొండ నిర్వహణకి 1,000 యెన్లు అడుగుతున్నారు. ఉన్నవాటిని గట్టిగా అమలు చేస్తే చాలు.

అడవిబాట:
ఆ 1,000 యెన్లు ఇష్టమైతేనే ఇస్తారు. ఇవ్వకపోయినా ఎవరూ ఆపరు. పడవ రద్దయినవాళ్లకి కొన్ని చోట్లు విడిగా ఉంచితే మీ అభ్యంతరం తీరిపోతుంది. గైడ్ల బతుకు మాత్రం నిజమైన ప్రశ్నే, వాళ్లకి నష్టం రాకుండా సెలవుల రద్దీ రోజులకే పరిమితి పెట్టొచ్చు.

ఊరిచెరువు:
అందరూ ఆ ఒక్క చెట్టు కోసమే పరుగెత్తడం నాకు బాధగా ఉంది. షిరాతాని లోయలో నాచు కప్పిన అడవి ఉంది. పడమటి అడవి రోడ్డు మీద దీవికే ప్రత్యేకమైన చిన్న జింకలు, కోతులు దగ్గరగా కనిపిస్తాయి, వాటికి తిండి మాత్రం పెట్టకండి. నగాతా బీచ్‌లో సముద్ర తాబేళ్లు గుడ్లు పెడతాయి. అక్కడా జనం ఇసుక తొక్కితే లోపలున్న తాబేలు పిల్లలు పైకి రాలేవు. జనాన్ని మళ్లించాలంటే ఆ చోట్లకీ కాపలా ఉండాలి.

అడవిబాట:
వానమబ్బు గారూ, వీలైతే మే మొదటి వారం తప్పించి వెళ్లండి, అప్పుడే రద్దీ ఎక్కువ. కొండెక్కే ముందు పోర్టబుల్ టాయిలెట్ సంచి కొనుక్కోండి. వాడింది మీరే కిందికి తెచ్చేయండి.