సముద్ర తీరంలో ఫీల్డ్ వర్క్: వెళ్లేముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: అందరికీ నమస్తే. హనుమకొండలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. డిసెంబర్‌లో కాకినాడ దగ్గర కోరింగ, హోప్ ఐలాండ్ వైపు ఫీల్డ్ వర్క్ ఉంది. చెరువు పక్షులు కొంచెం తెలుసు. తీరం పక్షులు మాత్రం పుస్తకంలో అన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తున్నాయి. టెన్షన్‌గా ఉంది, ఎట్లా ప్రిపేర్ కావాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆటుపోట్ల టైమ్ చూసుకో. చెరువుకు పొద్దున్నే పోతే చాలు, అక్కడ ఆ లెక్క కుదరదు. ఆటులో నీళ్లు వెనక్కి పోయి బురద మేటలు చాలా దూరం తేలుతాయి, పిట్టలు ఆ చివర ఎక్కడో మేస్తుంటాయి. పోటు ఎక్కేకొద్దీ గుంపులుగా ఒడ్డుకు జరుగుతాయి. నువ్వు అంతకుముందే వెళ్లి కదలకుండా కూర్చోవాలి. పోటు ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, అమావాస్య, పౌర్ణమికి నీళ్లు ఇంకా ఎక్కువ లోపలికి వస్తాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో ఆటుపోట్ల అంచనాలు దొరుకుతాయి.

రంగు పక్కన పెట్టి ముక్కు, నడక చూడు. ప్లోవర్ నాలుగు అడుగులు ఉరికి టక్కున ఆగి పొడుస్తుంది. కర్లూ వంపు ముక్కును బురదలోకి లోతుగా దించుతుంది. శాండర్లింగ్ అల వెనకే ఉరుకుతుంది, అల తిరిగి రాగానే వెనక్కి పరుగు. టర్న్‌స్టోన్ రాళ్లు తిరగేస్తుంది. ఈ చూపు తీరానికి వెళ్లేముందే మీ దగ్గరి చెరువుల్లో అలవాటు చేసుకో. చలికాలంలో వరంగల్ వైపు పాకాల లాంటి చెరువుల అంచుల్లో ఉల్లంకి పిట్టలు, చిన్న ప్లోవర్లు తిరుగుతుంటాయి. ఒక్క పిట్టనే పట్టుకుని అది ఏం చేస్తుందో రాసుకుంటూ పో.

ఫొటో కోసం గుంపును మాత్రం లేపొద్దు. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పక్షులవి. అంతరించే ప్రమాదంలో ఉన్న గ్రేట్ నాట్ కూడా ఆ తీరానికి వస్తుంది.

ప్రశ్న: థాంక్స్ అన్నా. ఎండ్రికాయలు, గవ్వలు శాంపిల్‌కు తెచ్చుకోవచ్చా?

ఇంకొకరి జవాబు: వద్దు బాబూ. కోరింగ అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా ఏదీ తీయకూడదు. పక్కన స్కేల్ పెట్టి ఫొటో తీసుకుంటే రికార్డుకు సరిపోతుంది. ఒడ్డున పడి ఉన్న సముద్రపు పామును, జెల్లీ చేపను చచ్చాయనుకుని ముట్టుకోవద్దు. కోన్ గవ్వకు కూడా విషం ఉంటుంది. ఆలివ్ రిడ్లీ తాబేలు చనిపోయి కనిపిస్తే చోటు, టైమ్ రాసుకుని అటవీ సిబ్బందికి చెప్పండి. బురదలో ఎక్కడ కాలు దిగబడుతుందో పడవవాళ్లకు తెలుసు, వాళ్లను అడగకుండా దిగొద్దు.

సాయంత్రం బైనాక్యులర్‌ను పొడి గుడ్డతో రుద్దకు, ఉప్పు, ఇసుక వల్ల అద్దం మీద గీతలు పడతాయి. ముందు దుమ్ము ఊది, మంచినీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో తుడువు.