మెలి తిరిగిన ఆకుల యక్కా: రుపికోలానా, పల్లిడానా, సంకరమా?

టెక్సస్‌లో ఆస్టిన్‌కి పడమట, సున్నపురాయి గుట్ట మీద దానంతట అదే మొలిచిన యక్కా (కత్తుల్లాంటి ఆకుల మొక్క) ఇది. రుపికోలా, పల్లిడా అనే రెండు యక్కా జాతుల్లో ఏదో, లేక వాటి సంకరమో తేల్చడానికి సాయం చేయండి.

ఆకు పొడవు అడుగున్నర, వెడల్పు అంగుళంపైన. లేత ఆకులు తిన్నగానే ఉన్నాయి, ముదిరినవి మాత్రం సగం నుంచి రిబ్బనులా మెలి తిరిగాయి. అంచు వెంట పసుపు గోధుమ రంగు సన్నటి గీత. దాని మీద వేలు ఆనించి మెల్లగా రాస్తే సన్న రంపపు పళ్ళలా గరగరలాడుతుంది. నారపోగు ఒక్కటీ లేదు. కాన్‌స్ట్రిక్టా, అర్కన్సానా అనే యక్కా జాతులైతే అంచున తెల్లటి పోగులు ఉంగరాలు చుట్టుకుని వేలాడాలి కాబట్టి ఆ రెండూ కావనే అనుకుంటున్నాను.

పూలకాడ నాలుగున్నర అడుగులు, పైభాగంలో కొమ్మలు వేసింది. పూలు కిందికి వేలాడే గంటల్లా ఉన్నాయి, ఆరు రేకులు, తెలుపులో లేత ఆకుపచ్చ ఛాయ. నర్సరీల్లో రెడ్ యక్కా అని అమ్మేది హెస్పెరాలో. దానివి ఎర్రటి గొట్టం పూలు, అది అసలు యక్కానే కాదు.

చిక్కంతా రంగు దగ్గరే. మెలి చూస్తే రుపికోలా. కానీ దాని ఆకు పచ్చగా ఉండాలి, దీనికేమో పల్లిడాలా నీలి బూడిద పూత ఉంది. పల్లిడా సొంతచోటు ఇంకా ఉత్తరాన, డల్లాస్ వైపు నల్లరేగడి మైదానాల్లో. ఈ రెండూ తేలిగ్గా సంకరమవుతాయి కూడా. పక్క తోటలో నాటిన పల్లిడా పుప్పొడిని యక్కా చిమ్మట మోసుకొచ్చి ఉంటుందా? రెండు జాతుల్నీ దగ్గరగా చూసినవాళ్ళు చెప్పండి: ఆకు మెలిని నమ్మాలా, రంగునా? కాయ పగిలేదాకా ఆగితే ఏమైనా తేలుతుందా?