నేను రాయని మాట నా పేరుతో అచ్చయింది, ఏం చేయాలి?

నమస్కారం. తిరుపతిలో మూడేళ్లుగా ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌గా పనిచేస్తున్నాను. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి జీవపరిణామం పాఠాన్ని తీసేసింది కదా, దాని మీద ఈమధ్య ఒక కథనం రాశాను. ఒక జువాలజీ లెక్చరర్‌తోనూ, పురాణ ప్రవచనాలు చెప్పే ఒక పెద్దాయనతోనూ మాట్లాడాను.

పెద్దాయన అన్నది ఇది: "దశావతారాలు భక్తికి, డార్విన్ చదువుకు. రెండింటికీ కొట్లాట పెట్టొద్దు నాయనా."

డెస్క్‌లో ఆ మాట కోసేసి "దశావతారాలుండగా డార్విన్ ఎందుకు?" అని ఆయన అన్నట్టే హెడ్డింగ్ పెట్టారు. పైన నా పేరు. ఆయన ఫోన్ చేసి కోప్పడలేదు, "నేనలా అన్నానా నాయనా?" అని మాత్రం అడిగారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వార్తను జనం తెగ షేర్ చేశారు. ఇప్పుడు నన్ను స్టాఫ్ రిపోర్టర్‌గా తీసుకుంటామంటున్నారు. ఆ ఉద్యోగం నాకు నిజంగా కావాలి. కానీ ముందు ఇలాంటిదే ఇంకొకటి రాయాలట, తిరుమల ఘాట్ రోడ్డు రాళ్ల మీద. అక్కడ ఆనుకుని కనిపించే రెండు రాతి పొరల వయసుల మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల తేడా ఉంది. "శాస్త్రం సగం, నమ్మకం సగం ఇవ్వు" అంటున్నారు. నేనూ కొండకు నడిచి వెళ్లే భక్తుణ్ణే. అయినా రాయి వయసు అభిప్రాయం కాదు కదా!

సవరణ వేయమని ఎడిటర్‌కు రాతపూర్వకంగా అడిగితే ఉద్యోగం పోతుందా? పెద్దాయన చేత ప్రెస్ కౌన్సిల్‌కు రాయించడం సబబేనా? పత్రికల్లో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి.