పంటికి ఫిల్లింగ్ చేశాక చల్లదనానికి వచ్చే నొప్పి తగ్గకపోగా పెరుగుతోంది: ఆగాలా, రూట్ కెనాలా?

వయసు 34. కింద కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను పిప్పి పడితే ఐదు వారాల క్రితం పంటి రంగు ఫిల్లింగ్ పెట్టారు. పుచ్చు ఎనామిల్ (పంటి పై గట్టి పొర) దాటి డెంటిన్‌లో (దాని కింది పొరలో) లోతుగా ఉందని, లోపలి నరం దాకా మాత్రం వెళ్లలేదని ఎక్స్-రే చూసి చెప్పారు.

మొదటి రెండు వారాలు చల్లనీళ్లు తగిలితే రెండు మూడు సెకన్లు జివ్వుమనేది, అంతే. అది మామూలేనట. ఇప్పుడు నీళ్లు మింగేశాక కూడా 40 సెకన్ల నుంచి నిమిషం దాకా లాగుతోంది. ఈ వారంలో రెండుసార్లు అర్ధరాత్రి దానంతటదే నొప్పి వచ్చి నిద్ర లేపింది, అసలు టెన్షన్ అదే. వేడికి ఏమీ లేదు. పన్ను మీద తట్టినా, నమిలినా నొప్పి లేదు. చిగురు వాపు, జ్వరం లేవు.

పళ్ల జివ్వు తగ్గించే పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు మూడు వారాలుగా రోజుకు రెండుసార్లు వాడుతున్నాను. ఫిల్లింగ్ ఎత్తుగా ఉందేమోనని ఒకసారి అరగదీయించుకున్నాను. ఐబుప్రోఫెన్ 400 మి.గ్రా. వేసుకుంటే నాలుగైదు గంటలు హాయి, తర్వాత మళ్లీ మొదలు. డాక్టర్ ఇంకో నెల చూద్దామంటున్నారు.

చల్లదనం పోయాక కూడా ఇంతసేపు నొప్పి నిలుస్తుంటే, నరం తిరిగి కోలుకునే అవకాశం ఉంటుందా, లేక ఇప్పుడే రూట్ కెనాల్‌కు వెళ్లడం మంచిదా?